రాతి మడి

ఇరవై రెండేళ్లు
పాస్క్‌విల్ గోదాముల దగ్గర
గోధుమ లారీలు తూచాను.
డ్రైవర్ల ముఖాలు మరిచిపోయాను గానీ
బరువుకి నొక్కుకుపోయిన టైర్లు
ఇప్పటికీ కళ్లముందే ఉంటాయి.

ఇప్పుడు మూంటాలో, మా పెరట్లో,
వెయ్యి లీటర్ల తెల్ల ట్యాంకుని
మెడ కింద రంపం పెట్టి కోశాను.
కింది ముక్క చేపలకి.
పై ముక్క తిరగేస్తే మడి.
మట్టి లేని మడి,
అడుగు లోతున రాళ్లు, అంతే.

రాళ్లు కావాలని ఎవరు చెప్పారో తెలీదు,
పక్కింటి కింగ్స్‌లీ ఆంగోవ్
ట్రెయిలర్ నిండా వేసుకొచ్చి గేటు ముందు ఆపాడు.
కంచె మీది ద్రాక్షతీగ ఎవరిదన్న గొడవలో
మూడేళ్లుగా మాటల్లేవు మా మధ్య.
"మా పొలంలోవే. ఊరికే పడున్నాయి" అన్నాడు
రాళ్లకేసి చూస్తూ.

బకెట్టు బకెట్టుగా కడిగాను.
మొదటి నీళ్లు పాలలా,
రెండో నీళ్లు మజ్జిగలా,
తొమ్మిదో బకెట్టుకి కూడా తేటపడలేదు.
అనుమానమొచ్చి వంటింట్లోంచి వెనిగర్ తెచ్చి
ఒక రాయి మీద నాలుగు చుక్కలు వేశాను.

బుస్సుమంది.

సున్నపురాయి.
నీళ్లలో కొంచెం కొంచెంగా కరుగుతుంది,
ఆకులకి ఇనుము అందనివ్వదు,
పచ్చగా ఉండాల్సినవన్నీ పాలిపోతాయి.
మూడేళ్ల తర్వాత మాట్లాడిన మనిషికి
ఈ మాట ఎలా చెప్పను?
గేటు నుంచి ట్యాంకు దాకా
ఆ రాళ్లతోనే బాట పరిచాను.
మర్నాడు దానిమీద కరకరా నడిచొచ్చి
"భలే సరిపోయాయే" అన్నాడు.
"ఆఁ" అన్నాను.

క్వారీ నుంచి నల్లరాయి తెప్పించాను.
బిల్లు మీద ఐదువందల యాభై కిలోలు.
ఒక్కో బకెట్టు ఎత్తి పోస్తుంటే
నా భుజాలు ఐదువందల పదే అన్నాయి.
ఫోన్ చేశాను.
అవతలి కుర్రాడు నవ్వాడు.
నా పాత ఉద్యోగం చెప్పాక నవ్వలేదు.
సాయంత్రానికి మిగతా నలభై కిలోలూ
ఇంటికొచ్చాయి.

అంత తూచిన దాన్ని
నీళ్లని తూచడం మరిచాను.
రాళ్ల సందుల్లో దాక్కునే నూట నలభై లీటర్లు
నా లెక్కలోకి రాలేదు.
మొదటిసారి నింపిన రాత్రి
ఇటుకల మీద నిలబెట్టిన మడి
ఎడమ మోకాలు విరిగిన గాడిదలా
ఒక పక్కకి ఒరిగింది.
టార్చి పట్టుకుని, నైటీ మీదే,
చేతనైనన్ని తిట్లు తిట్టాను.
ఆ తిట్లలో సగం నాకే.

కాళ్లు మళ్లీ కట్టాను, పాత రైలు స్లీపర్లతో.
ఇక సైఫన్ మొరాయించింది.
నీళ్లు నిండాలి, నిలవాలి,
గొట్టం మీద బోర్లించిన గంట
ఒక్క గుక్కలో అంతా లాగేయాలి.
ఇది మాత్రం నాలుగు రోజులు
ముక్కు కారినట్టు కారింది.

కింగ్స్‌లీ ఒకప్పుడు ప్లంబరు.
పిలవలేదు, వచ్చాడు.
జేబులోంచి ఒక మోచేతి గొట్టం తీసి
అడుగున బిగించాడు.
బిగిస్తూ బిగిస్తూ, తలెత్తకుండానే,
"మా వంటింటి కిటికీలోంచి
నీ వెనిగర్ సీసా బాగానే కనపడింది లవ్‌డే.
బాట మాత్రం బాగుంది" అన్నాడు.

నేను ఏమనాలో వెతుక్కునేలోపు
మడి ఒక్కసారి గుటకేసింది.
పెద్ద గుటక,
ఎండలోంచి వచ్చిన కూలీ
చెంబెత్తి తాగినట్టు.

ఆరువారాలు ఆకు లేదు.
రాళ్ల ఒంటికి పట్టుకునే కంటికానని జీవాల కోసం
ఆగాలి, చేపల మలాన్ని
మొక్కల తిండిగా మార్చే వంటవాళ్లు అవే.
సిల్వర్ పెర్చ్ పిల్లలు ముప్పై
నీళ్లలో నీడల్లా తిరిగేవి.
రోజూ ఒక గాజు గొట్టంలో నీళ్లు పట్టి
రంగు చూసుకునేదాన్ని.

ఇవాళ పాలకూర రెండాకులేసింది.
రాత్రి కిటికీ తెరిచి పడుకుంటాను.
ఇరవై నిమిషాలకోసారి మడి బరువెక్కుతుంది,
తేలికవుతుంది,
ముల్లు లేని కాటా మీద
నేనింకా లెక్క రాసుకుంటూనే ఉంటాను.

కంచె మీది ద్రాక్షతీగ సంగతి మాత్రం
ఇంకా తేలలేదు.