తాలుకాయ

తొడిమలు తీసే పనిలో
ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు.
కెజియా పోయిన నెలంతా
నాకీ ఘాటే సాయం.

పాస్టరమ్మ వచ్చి ప్రార్థన చేసి వెళ్ళింది.
నేను ఆమేన్ అనలేదు.
ఎదురింటివాళ్ళతో మానేసినట్టే
దేవుడితోనూ మాటలు మానేశాను.

ఇవాళ గుంటూరు యార్డులో, టిక్కీల నీడన
ఓ తాలుకాయ చేతిలో చిట్లింది.
రంగు పోయిన కాయ,
రేటు పలకని కాయ.
లోపల గింజలు
చాప మీద సండేస్కూలు పిల్లల్లా
ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి.
ఎవరు కూర్చోబెట్టారు వీటిని
అంత చీకట్లో, అంత ఓపిగ్గా?

గుమాస్తా కేకేశాడు.
కాయని కొంగున ముడేసుకున్నాను.

రాత్రి అన్నం ముందు
చాన్నాళ్ళకి నోరు పెగిలింది.
"తండ్రీ,
నా పిల్లనీ
అంత దగ్గరగా కూర్చోబెట్టుకున్నావా?"

వేళ్ళు మాత్రం
ఇంకా మండుతూనే ఉన్నాయి.