నాలుగో స్టాపు, పది నిమిషాలు

చంద్రగిరి కోట వెనక, ఇంకా మబ్బుండంగానే
పన్నెండు సైకిళ్లు దించినాను వ్యాను మీంచి.
గాలి చూసినాను, బ్రేకులు నొక్కి చూసినాను.
ఒకాయన అడిగినాడు, "ఎత్తులుంటాయా?"
ఉంటాయి సార్, దిగుడులూ ఉంటాయి,
రెండిటికీ ఒకటే రేటు.

ఈ దోవ నాకు కొత్త కాదు.
పదమూడేళ్లప్పుడు క్యారేజీకి పాలక్యాన్లు కట్టుకొని
సీటు అందక, కడ్డీ కింద కాలు దూర్చి తొక్కినాను.
తొణికితే కొలతలో తెలిసిపొయ్యేది మాయమ్మకు.
ఇప్పుడు మనిషికి పద్దెనిమిది వందలు కట్టి
చెమట పట్టించుకోను వస్తా ఉండారు.
తప్పని అనను. ఆ దుడ్లతోనే మా ఇంట్లో గ్యాసు.

స్వర్ణముఖిలో చక్రాలు కూరుకుపోతే
అందరూ దిగి నెట్టినారు.
"ఏరెక్కడ?" అనింది కళ్లద్దాల అమ్మాయి.
"నువ్వు నిలబడిందే."
ఒక్కో కాలూ ఎత్తి చూసుకునింది.

మామిడితోపుల్లో పూత, తేనెటీగల రొద.
నోటికొచ్చిన పాఠం ఒప్పజెప్పినాను:
బెంగళూరా ఎన్ని ఎకరాలు, గుజ్జు ఏ దేశానికి పోతాది.
పోయినేడు కిలో ఎంతకడిగినారో
ఆ పాఠంలో లేదు.

చెంగల్రాయుడు మామ గానుగ కాడ
పెనంలో పాకం కుతకుతమంటా ఉండాది.
పొగలో కళ్లు చికిలిస్తా
ఒక్కొక్కరికీ చెరుకుముక్క ముంచి ఇచ్చినాడు.
మూతులు కాల్చుకున్నారు, నవ్వుకున్నారు.
"ఎంతివ్వాలి?" పర్సు తీసినాడు ఎత్తులాయన.
మామ పాకం మీంచి చూపు తిప్పలా,
ఆ నిమిషం దాటితే ముదురుతాది.
"నాలిక్కి బిల్లేంది నాయనా" అన్నాడు కడాకి,
"అచ్చు కొంటే చెప్పు, దానికుండాది రేటు."
"తెల్లగా ఉండేది లేదా?" అన్నారెవురో.
"తెల్లంది కావాలంటే మందెయ్యాల."

నాలుగో స్టాపు. కాగితంలో ఇట్ల రాసుండాది:
పల్లె జీవితం, పది నిమిషాలు.
చెనిక్కాయ చేన్లో ఆరుమంది ఆడోళ్లు కలుపు తీస్తా ఉండారు.
వీళ్లు సెల్లులు ఎత్తినారు, వాళ్లు కొంగులు సర్దుకున్నారు.
రోజూ జరిగేదే. నేను గడియారం చూసుకుంటా.

ఈ పొద్దు దేశమ్మ లేచింది.
తొలిక గెనం మీద పెట్టి, చేతులు చీరకు తుడుచుకొని
నేరుగా నా కాడికొచ్చి
"ఒక చుట్టు ఇస్తావా?" అనింది.
యాభైకి పైనే ఉంటాయి.
"వచ్చునా అక్కా?"
"రాత్రిబళ్లప్పుడు నాలుగూళ్లకు లాంతర్లు మోసిందెవురు,
మీ నాయనా?"

కళ్లద్దాల అమ్మాయి తన సైకిలు ముందుకు నెట్టింది.
సీటు బెత్తెడు దించినాను.
గేర్లు చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
కుచ్చిళ్లు ఎగదోపి, ఒట్టికాళ్లతో
మూడు కుంటులు కుంటి ఎక్కేసింది.
మొదట పాము మాదిరి పోయింది.
ఆమైన నేరుగా.
మోటారు షెడ్డు దాటి, చెరుకుతోట మలుపులో
కనపడకుండా పోయింది.

"మేస్త్రీ కూలి కోస్తాడు, రాయే!"
అరిచి అరిచి నవ్వినారు చేన్లో వాళ్లు.
ఇటుపక్క ఒక్కరూ ఫోను ఎత్తలా. ఎందుకో తెలవదు.
పది నిమిషాలు అయిపోయినాయి. పద్నాలుగు. పదహారు.
"తిరిగొస్తాదా?" అన్నాడు ఎత్తులాయన.
సైకిలా, ఆమెనా అని నేను అడగలా.

వచ్చింది, బెల్లు కొట్టుకుంటా.
"స్టాండన్నా లేదే దీనికి" అని విసుక్కొని
నా చేతిలో పెట్టి
తొలిక తీసుకొని సాల్లో కూర్చునింది.
ఇంకేమన్నా చెప్తాదేమోనని నిలబడినాం.
కలుపే తీసింది.

రాత్రి సైకిళ్లు కడిగినాను,
పదకొండిటికి సీట్లు సరిచేసినాను.
ఏడో నెంబరుది అట్లే ఉండాది.
రేప్పొద్దున పొడుగాయన ఎవురో ఎక్కి
మోకాళ్లు గడ్డానికి తగల్తా ఉండాయంటాడు.
పానా నా జేబులోనే ఉంటాది.
ముందు కోట దాటనీ.