రాయి రాని చోట

రాయగడ స్టేషను దాటి గూడ్సు వెళ్ళినప్పుడల్లా
మా షెడ్డులో కొండ గలగలమంటుంది.
పదహారొందల రేకుపెట్టెల్లో
చేతికర్ర లావున కోసి పడుకోబెట్టిన కొండ.
నేను దాని కాపలావాణ్ణి, పొట్నూరు గవరయ్యని.
తాళాలు నావి, లోతులు కంపెనీవి.

పై పెట్టెల్లో ఎర్రమట్టి,
చొక్కాకి అంటితే మూడు ఉతుకులకీ పోదు.
కింద తేనెపట్టులా చిల్లులు పడ్డ మొరం,
ఇంకాస్త దిగితే తెల్లసుద్ద.
నలభై మీటర్ల దగ్గర మొదలవుతుంది అసలు రాయి:
బూడిదరంగులో కందిగింజలంత ఎర్రటి గార్నెట్లు,
అక్కడక్కడ గ్రాఫైటు, ముట్టుకుంటే
బళ్ళో పెన్సిలు చెక్కిన వేళ్ళయిపోతాయి.

"ఇదంతా ఒకప్పుడు బురద, గవరయ్యా"
అంది ఇతిశ్రీ మేడం, రాయిని నాలికతో తడిపి
భూతద్దం ఆనిస్తూ.
ఏ సముద్రపు ఒడ్డు బురదో
పాతిక కిలోమీటర్ల లోతుకి దిగబడి
అక్కడ ఉడికి, గట్టిపడి,
పైనున్నదంతా వానలు ఒలుచుకుపోయాక తేలిందట.
నూరు కోట్ల ఏళ్ళ వంట.
అంటే మనం నిలబడ్డది నేల వీపు మీద కాదు.
అడుగంటిన అన్నాన్ని బోర్లించి వడ్డించినట్టు,
లోపలిది పైకొచ్చింది.

డ్రిల్లు మేస్త్రీ హికాక మంగులు నవ్వాడు.
దొరల కాలంలో ఈ రాయికి
వాళ్ళ జాతి పేరే పెట్టారు.
"రాయికి మా పేరు రాసినారు,
కొండకి పట్టా రాయనేదు" అన్నాడు
బీడీ ఆర్పి, రాడ్డుకి ఇంకో రాడ్డు బిగిస్తూ.

రెండొందల పన్నెండు మీటర్లు. మాకదే పాతాళం.
ఓ మధ్యాహ్నం మేడం పనసకాయ కోయించింది.
తొక్క, పీచు, తొన, గింజ.
గింజ చోట ఇనుమట,
సూర్యుడి ముఖమంత వేడి ఇనుము.
"మన బోరెందాకా?" అన్నాను.
తొక్క మీద ముల్లు చూపించి,
దాని మొన కూడా కాదంది.
చేతుల జిగురుకి ముగ్గురం ఆముదం రాసుకున్నాం.

తుపాను రాత్రి షెడ్డు రేకులు లేచిపోయాయి.
పెట్టెలు బోర్లాపడి, పెయింటు అంకెలు చెరిగి,
తొంభైలో ఉండాల్సిన రాయి
నలభై మీద కాళ్ళు చాపుకుని పడుంది.
పదకొండు రోజులు నేలమీద కూచుని పేర్చాను.
విరిగిన అంచుకి విరిగిన అంచు ఆనిస్తే
సరైనదైతే టక్కున కూచుంటుంది, గడియలా.
కాకపోతే కరకరమని గొణుగుతుంది.

నూట ముప్పై దగ్గర మాత్రం ఏ రెండూ కలవలేదు.
చూరు కింద బురదలో దొరికింది చెక్కదిమ్మ,
దాని మీద మంగులు గీసిన ఒడియా అంకెలు:
మీటరున్నర నష్టం.
రాయి పొడై నీళ్ళతో పోయిన చోట
ఇంకో రాయి తెచ్చి పెట్టకూడదు.
చెక్క పెట్టాలి. అది బోరు నీతి.

భూమి పుట్టాక తొలి యాభై కోట్ల ఏళ్ళకి
రాయంటూ దాదాపు మిగల్లేదట.
కరిగి, మునిగి, మళ్ళీ కరిగి,
ఎక్కడో ఇసక కన్నా సన్నటి జిర్కాన్ రేణువులు
నాలుగు మిగిలాయట.
"మరి ఆ పెట్టెలో ఏం పెడతారు మేడం?"
ఆమె అద్దం తుడుచుకుంటూ ఉండిపోయింది.

మొన్న పింఛను ఫారం వచ్చింది.
పుట్టిన తేదీకో గడి.
గుణుపురం రిజిస్టరు చెదలు తిన్నాయి,
బళ్ళో మేస్టారు మా వరస అందరికీ
జూలై ఒకటి వేసేశాడు.
గుమాస్తా అదే రాయబోతే చెయ్యి పట్టుకున్నాను.
"అక్కడ చెక్క పెట్టండి బాబూ."
అతనికి అర్థం కాలేదు. జూలై ఒకటే రాశాడు.

తిరిగొచ్చి షెడ్డు తాళం తీశాను.
నూట ముప్పయ్యో మీటరు పెట్టె మూత ఎత్తి చూశాను.
చెక్క ఉంది.
గూడ్సు ఇంకా రాలేదు.