పదో ఈక

శుక్రవారం రాత్రి వంటింట్లో మూడు టబ్బులు.
మొదటిదాంట్లో పసిపిల్లల షాంపూ,
రెండోదాంట్లో ఉత్త నీళ్లు,
మూడోదాంట్లో చెంచాడు వెనిగర్, నలుపు మెరవడానికి.
గోరువెచ్చటి నీళ్లు మెడదాకా రాగానే
నా నల్ల ఆర్పింగ్టన్ పెట్ట
కళ్లు మూసి కునుకు తీసింది
బడి బస్సులో వెనక సీటు పిల్లలాగ.
ఆ బస్సు నడిపేది నేనే,
అద్దంలో రోజూ చూస్తాను ఆ కునుకుని.

పుల్లతో గోళ్ల సందుల మట్టి తీశాను,
ఎర్ర తురాయికి వాజలిన్ రాశాను.
హెయిర్ డ్రయ్యర్ గాలికి ఈకలు విచ్చుకుంటుంటే
నలుపు అడుగునుంచి
పేడపురుగు వీపు మీది పచ్చదనం లేచింది.
ఎడమ రెక్క విప్పాను.
పది పెద్ద ఈకల్లో ఏడోది
సగం తెలుపు.

రేపు జడ్జి మిసెస్ ప్రోథెరో.
కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషని పేరు.
గుడ్ల పోటీలో ఒక్కోటి పగలగొట్టి
పచ్చసొన ఎంత ఎత్తున నిలబడిందో
వంగి, పళ్లెం అంచున కన్నుపెట్టి చూస్తుంది.
తెల్ల ఈకని వదుల్తుందా?

పీకేశాను.
పెట్ట ఒళ్లు జలదరించుకుని
ఒక పక్క కన్నుతో నన్ను చూసింది.
కోళ్లు ఎప్పుడూ అలానే చూస్తాయి,
అందులో ఏమీ లేదు.

ఈ జాతిని నాకిచ్చింది ఇద్వాల్,
చూపు పోయిన ఏడాది.
గనిలో నలభయ్యేళ్లు పలకరాయి చీల్చిన చేతులు,
రాయి ఎక్కడ విడిపోతుందో
ఉలి పెట్టకముందే వేలికొసకు తెలిసేదట.
ఇప్పుడు ఆ వేళ్లతోనే కోళ్లని చదువుతాడు:
రొమ్ము ఎముక, తొడ బరువు, కడుపు మెత్తన.

హాలు రేకుల మీద వాన,
లోపల అరవై పుంజుల పంచాయితీ,
రంపపు పొట్టు వాసన, టీ వాసన.
మా పంజరానికి ఎర్రకార్డు.
మొదటి బహుమతి, మూడు పౌన్లు.

మేనల్లుడి భుజం పట్టుకుని వచ్చాడు ఇద్వాల్.
పెట్టని చంకలో పెట్టుకుని
రెక్క విప్పి, ఒక్కొక్కటే మీటుతూ పోయాడు.
ఎనిమిది. తొమ్మిది.
ఆగి, మళ్లీ మొదట్నుంచి.
"ఈకలు రాలే కాలం కాదే ఇది" అన్నాడు.
నేను కార్డు వంక చూస్తున్నాను.
"నెరిస్, నీ టీ చల్లారిపోతోంది" అన్నాడు.

ఆ రాత్రంతా నాలో నేనే
ఈకకు ఈక, తోకకు తోక పీక్కున్నాను.
అందరూ చేసేదే కదా.
ఒక్కటే కదా.
ఆయనకి కనపడదు కదా.
ఈ మూడోది అనుకున్నాక ఇక నిద్ర పట్టలేదు.

ఆరు వారాలకి
నీలం తొడుగు చీల్చుకుని కొత్త ఈక వచ్చింది.
ఈసారి మొదలునుంచి కొసదాకా
తెల్లగా, సిగ్గులేకుండా.

మరుసటేడు మళ్లీ మూడు టబ్బులు, మళ్లీ కునుకు.
రెక్క తుడిచి, మూసేశాను.
జడ్జి వచ్చేలోపే
పంజరంలో గుడ్డు పెట్టేసింది మహాతల్లి,
పెట్టి, హాలంతా వినపడేలా చాటుకుంది.
మిసెస్ ప్రోథెరో రాసిన చీటీ:
ఒళ్లు దిట్టం. రెక్కలో తెలుపు.
అంతే. ఏ రంగు కార్డూ లేదు.

ఇద్వాల్ లెక్కపెట్టాడు, తొందర లేకుండా.
పది.
"తెల్లది ఏది?" అన్నాడు.
ఆయన వేలు తీసుకెళ్లి ఏడోదాని మీద పెట్టాను.
దాన్నీ పక్కదాన్నీ మార్చి మార్చి నిమిరాడు,
రాయి పొర చూస్తున్నట్టు తల వంచి.
"తేడా ఏం లేదే" అన్నాడు.

తిరుగుదారిలో నా పక్క సీట్లో కూర్చున్నాడు,
కోటు జేబులో ఆ గుడ్డు, పైన అరచెయ్యి.
పలకరాళ్ల గుట్టల కింద మలుపు దగ్గర
"మెల్లగా తిప్పు,
ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాడు.