ఇంటూ గుర్తు

పొద్దన్నే ఫోన్ తెరిస్తే
పిట్ట లేదు.
అది వాలిన చోట రెండు గీతలు
ఒకదాన్నొకటి నరుక్కుంటా.

ఏడురోడ్ల కాడ కారం దోశ బండి దగ్గర
అప్పటికే పంచాయితీ కూడింది.
"లెక్క తప్పితే అయ్యవారు పెట్టే గుర్తు గదప్పా ఇది,
వాళ్ల పేపరు వాళ్లే దిద్దుకున్నారా?"
అన్నాడు ఆటో ఓబులేసు.
"రేత్రికి రేత్రి గీసినారంట,
ముహూర్తమన్నా చూడలేదంట"
ఒక కాలేజీ పిల్లోడు.
"పేరేదైతే ఏముందిలే, లోపల తిట్లు పాతవే"
ఇంకొకాయప్ప, నోట్లో దోశతోనే.
అందరూ నవ్వినారు.
సుబ్బరత్తమ్మ పెనం మింద నుంచి తలెత్తలేదు.
"ఎర్రకారం చాలా, ఇంకొంచెం రుద్దల్లా?"

నేను నవ్వలేదు.
యర్రముక్కపల్లెలో నాగశేషు సెల్లంగడి షట్టరు మింద
ఆ పిట్టను దించి ఇరవై దినాలు కాలేదు.
దినమున్నర పని.
షట్టరంటే గోడ కాదు, అన్నీ మడతలే.
రెక్క ఒక మడతలో దిగి ఇంకో మడతలో లేయాల.
కంపెనీ పిట్టకు కన్ను లేదు.
నాకు మనసొప్పక
సన్న బ్రష్షుతో తెల్లచుక్క, దాంట్లో నల్లచుక్క పెట్టినా.
ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

ఫోనొచ్చింది.
"దస్తగిరన్నా, పిట్టను కొట్టేసి కొత్తది ఎయ్యి.
రెండు గీతలే గదా, నూర్రూపాయలిస్తా."

రెండు గీతలే.

మా నాయన చేతులాడే కాలంలో
ఊరి పేరుకు ఇంగ్లీషులో ముందక్షరం మారింది.
ఆర్నెల్లు నిచ్చెన దిగలేదు ఆయన.
బ్యాంకులు, బడులు, లారీ ఆఫీసులు,
గీకేది, రాసేది, మళ్లీ గీకేది.
అయినా బండల ఫ్యాక్టరీలో కొందరు
పాత స్పెల్లింగే రాయమంటారు ఈ పొద్దుకూ.
రాయి కొనేటోళ్లకు ఆ పేరే తెలుసంట.
ఊరు రెండు పేర్లకూ పలకతాది,
పిలిచేటోడు అన్నం పెట్టేటోడైతే.

నాకు గీతల లెక్క వేరే ఉండాది.
రోడ్డు వెడల్పు చేసేటప్పుడు
కాంట్రాక్టరు ఎర్రరంగు డబ్బా చేతికిచ్చి
దినానికి ఆర్నూర్లన్నాడు.
నూటా పద్నాలుగు గోడలు.
గోడకు రెండు గీతలు, పక్కన నంబరు.
అరనిమిషం పట్టదు.
ముప్పై ఏడో నంబరు మా మేనత్త బీబమ్మది.
నా చేతిలో డబ్బా చూసి
"రంగులేస్తాండావా నాయనా, పండగ ముందర మంచిదే" అన్నింది.
చెంబుతో నీళ్లిచ్చింది.
తాగినా.
గీసినా.
మరునాడు పోయి చూస్తే
ఆ గుర్తు మింద మేకు కొట్టి
చాట తగిలించి ఉండాది.

నాగశేషు షట్టరు మింద
తెల్లరంగు రెండు పూతలేసినా నీలం ఊరుకోలేదు.
తడి బట్టలో నుంచి ఒళ్లు కనపడినట్ల
పిట్ట పైకి తేలతానే ఉండాది.
నల్లగీత ఒకటి లాగినా.
రెండోది లాగబోతే
సరిగ్గా కన్ను మిందికే వచ్చింది.
కొంచెం పక్కకు జరిపి గీసినా.
"వంకరగా ఉండాదే అన్నా" అన్నాడు.
"కంపెనీదే అట్లుండాది" అన్నా.
నూరు కాదు, మూన్నూర్లు తీసుకున్నా.

ఇప్పుడు రిపేరుకొచ్చే వాళ్లకు
వాడే ఫోన్లో అడ్రసు చెప్తాండాడు,
"సర్కిలు దాటినాక ఎడమ పక్క చూడన్నా,
పిట్టను కొట్టేసిన అంగడి."