ఒక్క మెట్టు

రాత్రి పదీ నలభై.
చీమకుర్తిలో రాళ్లకి నిద్ర లేదు.
రంపాలు ఒకదాని వెనక ఒకటి పళ్లు కొరుకుతుంటే
నల్లరాతిలోని బంగారు చుక్కలు
పలకలు పలకలుగా బయటికొస్తున్నాయి.
ఇక్కడ, సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో
నా ముల్లు ముప్పై మూడు దగ్గర నిలవడం లేదు.

ముప్పై ఒకటి. ముప్పై నాలుగున్నర. ముప్పై.
మళ్లీ ముప్పై నాలుగు,
ఈసారి వేరే దారిన.
ఏ ఊపూ ముందటి ఊపుకి చుట్టం కాదు.
లాగ్‌బుక్కులో రాయబోతే
సిరా ఆరేలోపే అంకె అబద్ధమవుతోంది.

బయట యార్డులో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు,
ఒకే బరువు కింద పక్కపక్కనే భుజమిచ్చిన జత.
ఇది టకామని ఒక మెట్టు ఎక్కుతుంది.
అది టకామని ఒక మెట్టు దిగుతుంది.
అది దిగడం చూసి ఇది ఇంకోటి ఎక్కుతుంది.
కంకర మీద నిలబడి వింటే
చీకట్లో ఎవరో మెట్ల మీద
పోగొట్టుకున్నదేదో వెతుక్కుంటున్నట్టుంది.

ఫోను. "మేడం, బ్లేడు రాయిలో ఇరుక్కుపోయింది,
మూడు లక్షల బ్లాకు!"
ఇంకో ఫోను. అది నేనెత్తలేదు.
నా చెయ్యి బ్రేకరు వైపు పోయింది.
లాగేస్తే సరి.
చీకట్లో ఏ ముల్లూ ఊగదు.

మాలకొండయ్య గారు కుర్చీలోంచి లేవను కూడా లేదు.
పొన్నలూరు మనిషి,
మాటని అరువు తెచ్చిన సొమ్ములా వాడతారు.
వక్కపొడి నోట్లో వేసుకుని అన్నారు:
"ఆగమ్మా. ఏదీ చెడిపోలా.
రెండూ మంచియ్యే. రెండూ సరిజేద్దామనే చూస్తుండాయి.
దాంతోనే ఈ గోలంతా."

అప్పుడు లేచి, ఒకదాన్ని
ఆటో నుంచి మాన్యువల్‌కి తిప్పారు.
ఇక ఏమీ చేయలేదు.
చేయకుండా ఉండటం ఇంత పనని
ఒంగోలు కాలేజీలో నాకెవరూ చెప్పలేదు.

ముల్లునే చూస్తూ కూచున్నాం.
వచ్చింది. దాటిపోయింది. మళ్లీ వచ్చింది.
ఎంత తిరుగుబోతైనా
ఎప్పుడో ఒకసారి సొంత గడప ముందు నుంచే పోవాలి.
ముప్పై రెండూ ఏడు...
ముప్పై రెండూ తొమ్మిది...
"ఇప్పుడు" అన్నారు.

ఒక్క మెట్టు.
నిద్రపోయే బిడ్డ తల కింద
దిండు సర్దినంత.

ముల్లు జంకింది.
అటూ ఇటూ రెండుసార్లు తల ఊపి
నిలబడింది.
దగ్గరికెళ్లి చూశాను.
గీత మీద సన్నగా వణుకుతూనే ఉంది.
నిలబడటమంటే అదే కాబోలు.

పదకొండూ నాలుగు. ఒక ట్యాప్. సాధారణం.
అని రాసి సంతకం పెట్టాను.

నా ఫోను తీశాను.
సాయంత్రం నుంచీ మా ఆయన పంపినవి పదకొండు,
నేను పంపినవి పదమూడు.
అన్నీ సర్దిచెప్పేవే.
చూస్తుండగానే పన్నెండోది వచ్చింది.
జవాబు సగం కొట్టి, చెరిపేసి,
ఫోను బల్ల మీద బోర్లా పెట్టి
చెయ్యి చాపాను.
మాలకొండయ్య గారు ఏమీ అడక్కుండా
వక్కపొడి పొట్లం విప్పారు.