ప్రాణములు

గ్రిమ్స్‌బీ ఆసుపత్రి, మూడో అంతస్తు.
కిటికీకి అవతల రేవు.
ముప్పయ్యేళ్లు అక్కడ చేపల వేలం పాడిన నోరు
ఇవాళ నా చేతి అద్దంలోకి చూస్తోంది
ఓ పక్కకి జారి.

"క్లిఫర్డ్, ఆ అనండి."
దవడ దిగింది. నాలుక కిందనే ఉంది,
పడవ అడుగున తడి వలలా.
ఆ వచ్చింది.
నొప్పికీ ఆవలింతకీ అదేగా, దానికి దారి తెలుసు.

ఇ కి నాలుక ముందుకొచ్చి లేవాలి,
పెదాలు సాగాలి, ఫొటో దిగుతున్నట్టు.
ఎడమ సగం దిగింది ఫొటో.
ఉ కి నాలుక వెనక్కి, పెదాలు సున్నాలా,
వేడి టీ ఊదుతున్నట్టు.
టీ అన్నానో లేదో, ఆయన కళ్లు కప్పు వెతుక్కున్నాయి.

కాలేజీలో ఇవన్నీ ఓ పటం మీద చుక్కలు:
ముందు, వెనక, పైన, కింద.
నాలుక ఎక్కడా తగలదు. గాలికి అడ్డు లేదు.
గది ఆకారం మారుతుంది, అంతే.
బళ్లో తెలుగు మాస్టారు మాత్రం పటం గీయలేదు.
"అచ్చులు ప్రాణములు, హల్లులు ప్రాణులు. రాసుకోండి."
రెండు మార్కుల ప్రశ్న.

నాలుగో వారం, బుధవారం,
కిటికీ దగ్గర సీగల్ ఒకటి అరిచింది.
క్లిఫర్డ్ అటు తిరిగి, ఎవరూ అడక్కుండానే,
"ఐ... ఇ ఈ... ఐ... ఇ ఈ ఐ..."
ఒక్క హల్లు లేదు.
ఏ చేపో తెలీదు, ఎన్ని పౌండ్లో తెలీదు,
పాట ధర మాత్రం పెరుగుతోంది.

పక్క మంచం మీద ముసలాయన
పేపరు దించకుండానే
ఒక వేలు ఎత్తాడు.